50 ఎకరాలు ఊరికే ఇస్తే సైనికులు ఎందుకు వదిలేసి పోయారు? వైకాటో, న్యూజీలాండ్, 1863–64

వైకాటో_వాసి
నేనుండేది న్యూజీలాండ్ హామిల్టన్‌లో. ఊరికి తూర్పు వైపు స్టీల్ పార్క్ ఉంది, పిల్లల్ని ఆడించడానికి అక్కడికే తీసుకెళ్తాం. ఈ స్టీల్ ఎవరా అని వెతికితే పెద్ద కథే తగిలింది. 1864 ఆగస్టు 24న రంగిరిరి అనే ఆవిరి పడవలో నాలుగో వైకాటో మిలీషియా (భూమి ఇస్తామని చేర్చుకున్న సిపాయిల దళం) మొదటి జట్టుని ఇక్కడ దింపిన కెప్టెన్ ఆయన. ఈ ఊరు పుట్టిందే సైనిక స్థావరంగా. ఇక్కడి మూలవాసులైన మావోరీలతో యుద్ధం నడుస్తుండగానే, లాక్కున్న నేల మీద సిపాయిల్ని రైతులుగా కూర్చోబెట్టాలని ప్లాన్ వేశారు. మామూలు సిపాయికి 50 ఎకరాలు, దాంతోపాటు ఊళ్ళో ఎకరం స్థలం. కార్పొరల్‌కి 60, సార్జెంట్‌కి 80, కెప్టెన్‌కి 300. మూడేళ్ళు మిలీషియాలో ఉంటే పట్టా చేతికొస్తుంది. ఇంతా చేస్తే కొన్నేళ్ళలోనే చాలామంది వచ్చినకాడికి అమ్ముకుని పోయారట. మన దగ్గర జానెడు గట్టు కోసం మూడు తరాలు కోర్టు చుట్టూ తిరుగుతారు కదా. 50 ఎకరాలు ఎలా వదులుకున్నారు? లోపం ప్లాన్‌లోనా, మనుషుల్లోనా?

గజాల_లెక్క
50 ఎకరాలంటే 2,42,000 గజాలు. ఈస్ట్ ఫేసింగ్ ఏమైనా మిగిలాయా బాసూ?

తీరికలేనోడు
గజాల_లెక్క, ప్రతి చర్చలోనూ నీ వెంచర్ గోల తప్పదా?

పాతపటం
కాగితం మీద ప్లాన్‌కి వంక పెట్టలేం. 1863 జులై 12న జనరల్ కామెరాన్ దండు మంగటావిరి వాగు దాటింది, యుద్ధం మొదలైంది. ఆ నెలలోనే మనుషుల్ని చేర్చుకోవడం గురించి కదలిక వచ్చింది. ప్రధాని ఆల్ఫ్రెడ్ డోమెట్ లెక్క ఏంటంటే, ఇంగ్లండ్ సైన్యం ఎప్పటికీ ఇక్కడే ఉండదు, ఏదో ఒకరోజు ఓడెక్కుతుంది. అది పోయాక గెలిచిన నేల చేజారకుండా ఉండాలంటే తుపాకీ పట్టగల రైతు కావాలి. ఓటాగో బంగారు గనుల్లో, మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో 40 ఏళ్ళ లోపు మగాళ్ళని పోగేశారు. నాలుగు వైకాటో రెజిమెంట్లు తయారయ్యాయి. ఒకటోది టౌరంగాకి, రెండోది అలెగ్జాండ్రాకి (ఇప్పటి పిరోంగియా), మూడోది కేంబ్రిడ్జ్‌కి, నాలుగోది హామిల్టన్‌కి.

జాగాలు ఎంచుకున్న తీరు చూడండి. వైకాటో నదిలో ఆవిరి పడవ పోగలిగే చివరి చోటు కేంబ్రిడ్జ్. వైపా నదిలో అలెగ్జాండ్రా. రోడ్డు లేకపోయినా తిండి, తూటాలు పడవలో వస్తాయి. ఆక్లండ్ నుంచి వచ్చే గ్రేట్ సౌత్ రోడ్డుని పోకెనో దాకా యుద్ధానికి ముందే, 1862లోనే, సిపాయిలతో వేయించారు. అంటే దండయాత్ర ఆలోచన ఎప్పటి నుంచి ఉందో అర్థం చేసుకోండి.

లష్కర్_పోరడు
అంతా మంచిగనే చెప్తున్నరు గానీ ఆ నేల ఎవరిది? ముందుగాల అది చెప్పుర్రి. ఖాళీ జాగల ఊరు కట్టినట్టు మాట్లాడుతున్నరు ఇద్దరూ.

వైకాటో_వాసి
లష్కర్_పోరడు, న్యాయమైన ప్రశ్న. హామిల్టన్ ఉన్న చోట అంతకుముందు కిరికిరిరోవా అనే మావోరీ ఊరు ఉండేది. ఇక్కడ చాలా నేల అప్పటికే సాగులో ఉండేది. ఇంకా దక్షిణంగా రంగిఆవోహియా అని ఒక ఊరు. గోధుమ చేలు, పీచ్ తోటలు, నీటితో తిరిగే పిండి మరలు. 1850ల్లో ఇక్కడి గోధుమ, పిండి పడవల మీద ఆక్లండ్ బజారుకి పోయేవి. ఆ ఊరివాళ్ళు తమ మరలో ఆడించిన పిండిని విక్టోరియా రాణికి కానుకగా పంపారు కూడా. 1864 ఫిబ్రవరి 21, ఆదివారం తెల్లారగట్ల కామెరాన్ సైన్యం పటెరంగి దగ్గరున్న పెద్ద కోటల్ని రాత్రికి రాత్రే చుట్టుదారిన దాటేసి ఈ ఊరి మీద పడింది. ఊళ్ళో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఒక ఇంట్లో తలదాచుకున్నవాళ్ళు ఆ ఇంటితోపాటే కాలిపోయారు. దాడి ఆ ఊరి మీదే ఎందుకంటే, మావోరీ యోధులకి తిండి వచ్చేది అక్కణ్ణుంచే.

లష్కర్_పోరడు
గదీ. పంట పండించేటోళ్ళను ఎల్లగొట్టి, నాగలి ముట్టనోళ్ళను తెచ్చి పెట్టిన్రు. ఇంక పంట ఎట్లొస్తది?

గోదారి_గట్టు
ఒక్క ముక్కలో తేల్చేశారండి లష్కర్ గారు. గనుల్లో బంగారం కోసం తవ్వుకునేవాడికి సేద్యం ఏం తెలుస్తుందండి? మా వైపు నాలుగు తరాలు వరి వేసినవాడే కొత్త మాగాణి కొంటే రెండేళ్ళు తడబడతాడు.

సర్వేరాయి
సర్వే శాఖలో చేసి రిటైరైనవాణ్ణి, నాకు తోచింది చెప్తాను. ఇలాంటి ప్లాన్లన్నీ చచ్చేది ఒకే చోట: ఇంటి స్థలానికీ పొలానికీ మధ్య ఉన్న దూరంలో.

వాళ్ళ ఏర్పాటు ఇదీ. నది ఒడ్డున ఎత్తు మీద మట్టికోట, అదే రెడౌట్. దాని చుట్టూ ఎకరం ఎకరం చొప్పున ఊరి స్థలాలు. గంట కొడితే అందరూ కోటలోకి పరిగెత్తాలి కాబట్టి ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉండాలి. ఇది రక్షణ లెక్క. అవతల ప్రతివాడికీ 50 ఎకరాల పొలం కావాలి. వందల మందికి తలా 50 ఎకరాలంటే ఆ మడులు మైళ్ళ దూరం పోతాయి. అది సేద్యం లెక్క. పొలంలో కాపురం పెడితే కోటకి దూరం. కోట దగ్గర ఉంటే పొలం బీడు. ఏ ఇంజనీరూ ఈ రెండిటినీ ఒక పటంలో ఇమడ్చలేడు. పైగా ఎవరికి ఏ మడి అన్నది చీటీలు వేసి తేల్చారు. ఒకడికి నది ఒడ్డున మంచి నేల తగిలితే పక్కవాడికి బురద.

ఇక కొలత సంగతి. యుద్ధంలో కొలిచేవాళ్ళు దొరకరు, దొరికినా కాపలా లేకుండా కదలరు. మనిషెత్తు ఫెర్న్ పొదల్లోంచి గొలుసు లాగాలంటే ముందు దారి నరకాలి. చిత్తడిలో పాతిన గుంజ వానాకాలం పోయేసరికి ఒరిగిపోతుంది. ఆ పని ఈడుస్తున్నంత కాలం సిపాయి తన పొలం ఎక్కడుందో తెలియకుండా కూర్చోవాలి. తీరా భూమి మీదికి పంపాక జీతం బంద్. ఏడాది పాటు రేషన్ మాత్రం ఇస్తారు. ఏడాదిలో పొదలు కొట్టి, కాలవ తవ్వి, కంచె వేసి, దున్ని, గింజ ఇంటికి తెచ్చుకోవాలట. ఒంటి చేత్తో. ఎద్దులు కొనడానికి డబ్బు ఎవరిచ్చారు?

గజాల_లెక్క
సర్వేరాయి గారూ, మీరు ఇంతకాలం ఎక్కడున్నారండీ? ఈ పోస్ట్ ప్రింట్ తీసి పెట్టుకుంటా.

తీరికలేనోడు
వెంచర్ బ్రోషర్ వెనక వేయడానికా?

కడప_కారం
సర్వేరాయి సారు చెప్పింది అక్షరాలా నిజం. మా తాత మిలటరీలో చేసి వచ్చినాక మాజీ సైనికుల కోటాలో ఐదెకరాలు ఇచ్చినారు. ఊరికి దూరంగా గుట్ట వార. పటంలో చూస్తే చదరంగా, ముచ్చటగా ఉంటాది. పోయి చూస్తే గుండ్లు, బోడ రాళ్ళు, రేగు కంపలు. బోరు వేస్తే దుమ్ము లేచింది. దారి కావాలంటే పక్క పొలమాయన కాళ్ళు పట్టుకోవల్ల. కొలత రాళ్ళు వేయించుకోడానికే ఆఫీసు చుట్టూ చెప్పులరిగేటట్టు తిరిగినాడు. కడాకు పదేళ్ళు దాటినాక అమ్ముకోవచ్చునని తెలిసి, ఎవరికో ఇచ్చేసి ఆ డబ్బుతో మా చిన్నత్త పెండ్లి చేసినాడు. ఆయన్ని సోమరి అని ఎవురన్నా అంటే నేనూరుకోను. పట్టా కాగితం తిండి పెట్టదు.

గోదారి_గట్టు
కారం గారూ, ఇప్పుడా భూమి ధర ఎంతుందండి?

కడప_కారం
అడగొద్దు సామీ. పక్కన నాలుగు లైన్ల రోడ్డు పడింది.

మట్టికోట
ఇప్పుడు అసలు మాట. లోపం ప్లాన్‌లోనా మనుషుల్లోనా అని వైకాటో_వాసి అడిగారు. రెండూ కాదంటాను. ప్లాన్ వేసినవాళ్ళకి రావలసింది వచ్చింది.

1863 అక్టోబర్ చివర్లో డోమెట్ దిగిపోయి ఫ్రెడరిక్ విటేకర్ ప్రధాని అయ్యాడు. రక్షణ మంత్రి థామస్ రస్సెల్. ఈ ఇద్దరూ ఆక్లండ్‌లో ఒకే లా ఆఫీసులో భాగస్వాములు. రస్సెల్ రెండేళ్ళ ముందు, 1861లో, బ్యాంక్ ఆఫ్ న్యూజీలాండ్ పెట్టినవాడు. డిసెంబర్‌లో వీళ్ళ హయాంలోనే న్యూజీలాండ్ సెటిల్‌మెంట్స్ చట్టం పాసైంది. తిరుగుబాటు జరిగిన ప్రాంతం అని గవర్నర్ ప్రకటిస్తే చాలు, ఆ నేల మొత్తం తీసుకోవచ్చు. తిరగబడనివాళ్ళ భూమి కూడా దాంట్లోనే పోతుంది, వాళ్ళు తర్వాత కోర్టుకెళ్ళి పరిహారం అడుక్కోవాలి. దాంతోపాటు 30 లక్షల పౌండ్ల అప్పుకి ఇంకో చట్టం. ఆ అప్పు తీర్చేది ఎలా? లాక్కున్న భూమిలో సిపాయిలకి పంచగా మిగిలింది అమ్మి. అంటే యుద్ధం ఖర్చు యుద్ధంలో ఓడినవాడి పొలమే కట్టాలి. వైకాటోలో మొత్తం 12 లక్షల ఎకరాలు తీసుకున్నారు. కొంత తర్వాత తిరిగిచ్చారు గానీ, ఎక్కువ భాగం తిరిగి రాలేదు.

సిపాయి నిలబడ్డా పోయినా వీళ్ళకి నష్టం లేదు. నిలబడితే కాపలా. పోతే అతని 50 ఎకరాలు చవగ్గా బజారుకొస్తాయి. 1870ల్లో పియాకో చిత్తడి నేలలు వేల ఎకరాల లెక్కన ఒక కూటమి చేతిలో పడ్డాయి, అందులో మళ్ళీ రస్సెల్, విటేకర్ ఉన్నారు.

పాతపటం
మట్టికోట, కుట్ర సిద్ధాంతం కొంచెం తగ్గించండి. విటేకర్, రస్సెల్ సంగతి కాదనను. కానీ గవర్నర్ జార్జ్ గ్రే ఈ ఆలోచనని అంతకుముందు నుంచే మోస్తున్నాడు. 1847లోనే రిటైరైన సిపాయిలతో ఫెన్సిబుల్స్ అనే దళాన్ని తెప్పించి ఆక్లండ్ చుట్టూ ఒనెహుంగా, హోవిక్, పన్మూర్, ఒటాహూహూ ఊళ్ళలో పెట్టారు. ఒక్కొక్కరికి ఇల్లు, ఎకరం నేల, చేతిలో పెన్షన్. అది నిలిచింది. ఎందుకు నిలిచింది? పెన్షన్ వస్తోంది, ఆక్లండ్ పక్కనే కూలి దొరుకుతోంది, 50 ఎకరాల బరువు లేదు. అదే గ్రే దక్షిణాఫ్రికాకి గవర్నర్‌గా పోయి, 1857లో జర్మన్ లీజియన్ సిపాయిల్ని బ్రిటిష్ కాఫ్రేరియా సరిహద్దులో దింపుకున్నాడు. క్రిమియా యుద్ధం కోసం చేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ యుద్ధం అయిపోయాక ఇంగ్లండ్‌కి వాళ్ళని ఏం చెయ్యాలో తెలియలేదు. అక్కడి స్టటర్‌హైమ్ ఊరికి వాళ్ళ కమాండర్ పేరే పెట్టారు. అది పెద్దగా పండలేదు. పెళ్ళాం పిల్లలు లేని సిపాయి నేల పట్టుకుని ఉండడు.

తీరికలేనోడు
ఆ జర్మన్లు తర్వాత ఏమయ్యారు?

పాతపటం
చెప్తే నమ్మరు. 1858లో అందులో వెయ్యి మంది దాకా మన దేశానికే వచ్చారు. ఇక్కడ తిరుగుబాటు అణచడానికి మనుషులు చాలక, కేప్ నుంచి ఓడల్లో పంపించారు. సరిహద్దు కాపలాకని భూమి ఇస్తే, ఇంకో యుద్ధం పిలవగానే భూమి వదిలేసి పోయారు.

గోదారి_గట్టు
అయితే మనకీ వైకాటోకీ చుట్టరికం ఉన్నట్టేనండి!

వైకాటో_వాసి
ఉంది, ఇంకా దగ్గరగా కూడా. ఇక్కడ పోరాడిన 43వ రెజిమెంట్ కలకత్తా నుంచి, 68వది బర్మా నుంచి వచ్చాయి. 70వది కూడా ఇండియా నుంచే, ఇంకొంచెం ముందు. 1864 ఏప్రిల్ 29న టౌరంగా దగ్గర గేట్ పా యుద్ధంలో 43వ వాళ్ళు చావుదెబ్బ తిన్నారు. అదే రోజు నౌకాదళం కెప్టెన్ జాన్ హామిల్టన్ కూడా చనిపోయాడు. మా ఊరికి ఆయన పేరే. ఆయన ఇక్కడ ఎప్పుడూ అడుగు పెట్టిన మనిషి కాదు. 2020 జూన్‌లో ఊరి నడిబొడ్డున ఉన్న ఆయన విగ్రహాన్ని నగరపాలక సంస్థ తీయించేసింది.

గజాల_లెక్క
కాలు పెట్టని ఊరికి తన పేరు. అదృష్టం అంటే ఇదీ.

తీరికలేనోడు
చచ్చాక వచ్చిన అదృష్టం నువ్వే తీసుకో.

పాతపటం
నా వాదన ఇంకా పూర్తి కాలేదు. స్థావరాలు విఫలం అంటున్నారు అందరూ. యుద్ధం లెక్కలో విఫలమా? ఓరాకావు కోటలో మావోరీ నాయకుడు రెవీ మనియాపోటో మనుషులు మూడు రోజులు నిలబడి 1864 ఏప్రిల్ 2న తప్పించుకున్నాక వైకాటోలో మళ్ళీ పెద్ద యుద్ధం జరగలేదు. పూనియు నది సరిహద్దయింది. హామిల్టన్, కేంబ్రిడ్జ్ మీద ఎవరూ దండెత్తలేదు. మనుషులు మారి ఉండొచ్చు, ఊళ్ళు మాత్రం నిలిచాయి.

మట్టికోట
దండెత్తకపోవడం మీ మిలీషియా గొప్ప కాదు. మావోరీ రాజు తావియావో పూనియుకి దక్షిణాన తన జనంతో ఉండి, గీత దాటి రావద్దని తెల్లవాళ్ళకి చెప్పాడు. తన వాళ్ళని కూడా దాటి పోయి దాడులు చేయనివ్వలేదు. 1880ల దాకా ఆ ప్రాంతంలోకి యూరోపియన్లకి దారి లేదు. శాంతి ఆ గీత వల్ల నిలిచింది. మీ స్థావరాలు అంత గట్టివైతే 1860ల చివర్లో జీతమిచ్చి ఆర్మ్‌డ్ కానిస్టేబ్యులరీని (ఆయుధాలున్న పోలీసు దళాన్ని) ఎందుకు పెట్టాల్సి వచ్చింది? 1873లో కేంబ్రిడ్జ్ దగ్గర ఒక పొలం కూలీని చంపితే మళ్ళీ యుద్ధం వస్తుందని సరిహద్దు పొడుగునా వణికిపోయారు కదా?

ఇంకో సంగతి. ఓరాకావులో నిలబడి పోరాడిన రెవీది న్గాటి మనియాపోటో తెగ. వాళ్ళ నేల ఎక్కువగా పూనియు అవతల ఉంది కాబట్టి పెద్దగా పోలేదు. పోయింది నది పొడుగునా మంచి పొలాలున్న వైకాటో తెగలది. శిక్ష తప్పుని బట్టి పడలేదు, నేల నాణ్యతని బట్టి పడింది.

లష్కర్_పోరడు
మట్టికోట అన్న, గీ చివరి లైన్ ఫ్రేమ్ కట్టిస్త.

పాతపటం
ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు, సరే. కానీ తావియావో గీత గీయగలిగింది అవతల దండు ఉంది కాబట్టే అన్నది మాత్రం వదలను.

ఎద్దుల_బండి
చదువుతూ ఊరుకున్నా గానీ ఒక డౌటు. సిపాయిలు పోయింది నేల బాగోలేకనేనా? కడప_కారం తాతగారు పదేళ్ళు ఆగారు. వీళ్ళు అంతసేపు కూడా ఆగలేదేం?

సర్వేరాయి
ఎద్దుల_బండి, ఆగడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. యుద్ధం నడిచినంత కాలం ఆక్లండ్ చుట్టుపక్కల డబ్బు ఆడింది. సైన్యానికి మాంసం, గడ్డి, బళ్ళు, పడవలు అన్నీ కావాలి. 1865లో రాజధాని వెల్లింగ్టన్‌కి మారింది. ఆ తర్వాత ఇంగ్లండ్ రెజిమెంట్లు ఒక్కొక్కటే ఓడెక్కాయి. కొనేవాడు పోయాడు. పండించినా ఎవరికి అమ్మాలి? 1867లో థేమ్స్ (లండన్ నది కాదు, న్యూజీలాండ్‌లోని ఊరు) దగ్గర బంగారం బయటపడింది. వీళ్ళలో చాలామంది గనుల్లోంచి వచ్చినవాళ్ళే, గనుల్లోకే పోయారు. ఒకవేళ ఉండిపోదామన్నా, హామిల్టన్ తూర్పు ఒడ్డుకీ పడమటి ఒడ్డుకీ వంతెన 1879 దాకా లేదు, బల్లకట్టు మీద దాటాలి. రైలు పక్కనున్న ఫ్రాంక్టన్‌కి వచ్చింది 1877 డిసెంబర్‌లో. అప్పటిదాకా ఓపిక పట్టినవాడు బాగుపడ్డాడు. 1864లో దిగినవాడికి పదమూడేళ్ళ ఓపిక కావాలి.

కడప_కారం
రోడ్డు పడేదాకా ఉన్నోడు రాజు. మా తాతకు ఈ పోస్టు చదివి వినిపించాలనుంది, ఉంటే.

ఎద్దుల_బండి
అయితే వెనకొచ్చి కొన్నవాళ్ళు చిత్తడిని ఏం చేశారు? అది సాగయిందా?

వైకాటో_వాసి
కాలవలు తవ్వి, నీళ్ళు తోడి, పచ్చిక బయళ్ళు చేశారు. పెద్ద కంపెనీల పెట్టుబడి, కూలీల చాకిరీ. దాంట్లో చేతులు కాల్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు వైకాటో అంటే పాడి ఆవులు. మా ఇంటికి కాస్త దూరంలో పొలాల గట్ల వెంట ఆ కాలవలు ఇప్పటికీ ఉన్నాయి, నల్ల నీళ్ళతో. పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నేల కదా, నీరు తీసేసిన కొద్దీ కుంగుతుంది, అందుకని కాలవ మళ్ళీ లోతు చెయ్యాలి. పాత రంగిరిరి పడవ ఇనప పొట్ట కూడా నది ఒడ్డున పార్కులో పెట్టారు, తుప్పు పట్టి ఎర్రగా.

లష్కర్_పోరడు
భూమి పోయినోళ్ళకు ఏమన్న దొరికిందా లేదా? గది ఎవ్వరూ చెప్తలేరు.

మట్టికోట
చాలా ఆలస్యంగా. 1920ల్లో ఒక కమిషన్ వేస్తే, వైకాటోలో మరీ ఎక్కువ భూమి లాక్కున్నారని అది తేల్చింది. 1946లో ఏటా కొంత డబ్బు ఇచ్చే ఏర్పాటు చేశారు. వైకాటో వాళ్ళు మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారు: పోయింది భూమి, రావలసిందీ భూమే, డబ్బు తప్పు ఒప్పుకున్నందుకు గుర్తు మాత్రమే. 1995లో సెటిల్‌మెంట్ జరిగింది. 17 కోట్ల న్యూజీలాండ్ డాలర్ల విలువ, అందులో ప్రభుత్వం చేతిలో మిగిలిన భూములు, క్షమాపణ. ఆ చట్టం మీద రెండో ఎలిజబెత్ రాణి స్వయంగా వచ్చి సంతకం పెట్టింది. ప్రైవేటు వాళ్ళ చేతుల్లోకి పోయిన పొలాలు మాత్రం రాలేదు. అందులో మన సిపాయిల 50 ఎకరాలూ ఉన్నాయి.

లష్కర్_పోరడు
12 లక్షల ఎకరాలకు 17 కోట్లు. లెక్క నువ్వే జెయ్యి గజాల_లెక్క.

గజాల_లెక్క
చేశా. ఎకరానికి 141 డాలర్లు చిల్లర. గజానికి మూడు సెంట్లు కూడా పడట్లేదు. ఈ రేటుకి నేను కూడా జోక్ వెయ్యలేను.

వైకాటో_వాసి
తిరిగొచ్చిన వాటిలో యూనివర్సిటీ ఉన్న స్థలం ఒకటి, టె రాపాలో పాత ఎయిర్‌ఫోర్స్ బేస్ ఇంకొకటి. ఆ బేస్ నేలలో వైకాటో-టైనుయి (భూమి పోయిన ఆ తెగల సమాఖ్య) వాళ్ళు షాపింగ్ మాల్ కట్టించారు, దాని పేరు కూడా ‘ద బేస్’. ఇక్కడి తెలుగువాళ్ళం వారాంతం సరుకులకి వెళ్ళేది అటే.

తీరికలేనోడు
అద్దె ఎవరికి పోతుంది?

వైకాటో_వాసి
స్థలం వాళ్ళదే. మాల్‌లో వాటా మాత్రం కొంత బయట కంపెనీకి అమ్మారు, నేల అమ్మలేదు.

సర్వేరాయి
నేల అట్టిపెట్టుకున్నారా? మంచి పని చేశారు.